హైదరాబాద్‌లో పాతకాలపు ఇంట్లో అతిథిగా ఉండాలంటే ఏం చేయాలి

పోయిన ఏడాది సంక్రాంతి తర్వాత మా అమ్మని తీసుకుని పాతబస్తీలో ఒక దేవిడీలో, అంటే నవాబుల కాలపు పెద్ద ఇంట్లో, మూడు రాత్రులు ఉన్నాను. ఫొటోలు చూశాను, రేటు చూశాను, బాగుందనిపించి డబ్బులు కట్టేశాను. వెళ్ళాక తెలిసింది, గది పైన ఉందని, మెట్లు ఒక్కొక్కటి దాదాపు అడుగు ఎత్తు ఉన్నాయని, పట్టుకోవడానికి ఏ ఆసరా లేదని. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ ఇంటి పెద్దావిడ ఆమె మొహం చూసి ఇంకేమీ అడగలేదు, కింద తాము పడుకునే గదిలో కొత్త దుప్పట్లు పరిపించి "ఈ గది మీది వదినా, మేం పైన పడుకుంటాం" అంది. అమ్మ ఇప్పటికీ ఆ ఇంటి మాట వస్తే రంగు అద్దాల గురించి చెప్పదు, ఆ వదిన గురించే చెబుతుంది. కానీ నేను ముందే ఫోన్లో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వాళ్ళు తమ గది ఖాళీ చేయాల్సిన పని ఉండేది కాదు. అప్పటినుంచి ఇలాంటి ఇళ్ళలో మరో నాలుగైదు సార్లు ఉన్నాను, ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకున్నాను, అవన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు అది ఏ రకం ఇల్లో తేల్చుకోండి

హెరిటేజ్ అనే మాట ఇప్పుడు ప్రతి బోర్డు మీదా కనిపిస్తోంది. ఫలక్‌నుమా ఉంది, పైగా అనే ప్రభువంశానికి చెందిన నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ప్యాలెస్, ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికొచ్చింది, 2010 నుంచి తాజ్ వాళ్ళ హోటల్. అక్కడ మీకు ఏం కావాలన్నా చేసిపెట్టడానికి పెద్ద సిబ్బంది ఉంటారు. నేను చెప్పేది అలాంటి దాని గురించి కాదు, ఇంటివాళ్ళు అందులోనే కాపురం ఉంటూ రెండు మూడు గదులు అతిథులకిచ్చి పొద్దున టిఫిన్ పెట్టే ఇంటి గురించి. కేంద్ర పర్యాటక శాఖకి ఇంక్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పేరుతో ఒక పథకం ఉంది, అందులో నమోదు కావాలంటే యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి, ఆరు గదులకు మించి ఇవ్వకూడదు. నమోదు కాని మంచి ఇళ్ళు కూడా ఉంటాయి, అయినా ఈ రెండు షరతులూ గుర్తుపెట్టుకుని అడగండి. "మీరు అక్కడే ఉంటారా?" అన్నదానికి సూటిగా జవాబు రాకపోతే నేనైతే ఆ ఇల్లు వదిలేస్తాను.

మన ఊళ్ళో ఈ ఇళ్ళు స్థూలంగా మూడు రకాలు. పాతబస్తీ దేవిడీలకి పెద్ద దర్వాజా, లోపల ఖాళీ ఆవరణ, దాలాన్ అనే స్తంభాల వసారా, ఒకప్పుడు మగవాళ్ళు కూర్చునే మర్దానా వేరు, ఆడవాళ్ళ జనానా వేరు. మూసీకి ఇవతల సుల్తాన్ బజార్, కాచిగూడ వైపు మధ్యలో ఆకాశం కనిపించే భవంతి ఇళ్ళు అక్కడక్కడా మిగిలాయి. సికింద్రాబాద్ వైపు కంటోన్మెంట్ కాలం బంగళాలు, చుట్టూ వరండా, పెద్ద కాంపౌండు, చెట్లు. వీటిలో చాలావాటిలో అతిథుల్ని ఉంచుకోరు, ఆ కొద్ది ఇళ్ళలో మీకు ఏది సరిపోతుందో చూసుకోవాలి. కారు ఉంటే బంగళా సుఖం. చార్మినార్‌కి నడిచి వెళ్ళాలంటే దేవిడీ. భవంతి ఇంట్లో గదులన్నీ ఆవరణలోకే తెరుచుకుంటాయి కాబట్టి మీరు ఎప్పుడు లేచారో, ఎప్పుడు వచ్చారో అందరికీ తెలుస్తుంది, కొత్తగా పెళ్ళయినవాళ్ళకి అది ఇబ్బంది కావచ్చు, నాలాంటివాళ్ళకి మాత్రం ఆ సందడే ఇష్టం.

ఇంతకీ ఇల్లు నిజంగా పాతదేనా? ఒకసారి ఒక యాప్‌లో నూట యాభై ఏళ్ళ హవేలీ అని చూసి వెళ్తే పాత దర్వాజా ఒక్కటి ముందు నిలబెట్టి, వెనక సిమెంటు గదులు వేశారు. అందుకే ఇప్పుడు నేను "ఎవరు కట్టించారు, ఈమధ్య ఏం రిపేరు చేయించారు" అని అడుగుతాను. సొంత ఇంటివాళ్ళు ఈ రెండో ప్రశ్నకి ఆగకుండా మాట్లాడతారు. దూలం చెదపట్టిన సంగతి, డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ కోసం ఎన్ని ఊళ్ళు తిరిగారో, వర్షాకాలంలో ఏ మూల కారుతుందో అన్నీ చెబుతారు. అలా చెప్పలేనివాళ్ళు ఆ ఇంటిని కేవలం అద్దెకి నడుపుతున్నవాళ్ళని నా అనుభవం.

2. ఫోన్ చేయండి, మెసేజ్‌తో సరిపెట్టొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫొటోలు గదిని చూపిస్తాయి, గదికి చేరే దారిని చూపించవు. వీలైతే వీడియో కాల్‌లో గేటు దగ్గర నుంచి మంచం దాకా నడిచి చూపించమనండి, తీరిక ఉంటే సంతోషంగా చూపిస్తారు. మెట్లు ఎన్ని, ఎంత ఎత్తు, పట్టుకోవడానికి ఏమైనా ఉందా అని అడగండి. బాత్రూం గదికి ఆనుకుని ఉందా, రాత్రి ఆవరణ దాటి వెళ్ళాలా? పాత ఇళ్ళలో బాత్రూంలు తర్వాత కట్టినవే ఎక్కువ, దూరంగా ఉండటంలో తప్పేమీ లేదు, కానీ వయసు పైబడ్డవాళ్ళు రాత్రి రెండుసార్లు లేస్తారు, ఆ సంగతి ఆలోచించుకోవాలి. టాయిలెట్ ఇండియనా వెస్టర్నా? గీజర్ ఎంత మందికి సరిపోతుంది? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను నడుస్తుందా? ఏసీ ఉందా, లేదా? ఇంట్లో కుక్క ఉందా? చిన్నపిల్లలుంటే మిద్దె మీద పిట్టగోడ ఎంత ఎత్తుందో, ఆవరణలో బావి గానీ హౌజ్ (నీటి తొట్టి) గానీ ఉంటే దానికి మూత ఉందో లేదో తప్పకుండా అడగండి, పాత ఇళ్ళలో పిట్టగోడలు మోకాలి ఎత్తే ఉండొచ్చు.

వంటిల్లు శాకాహారమా, బయటినుంచి బిర్యానీ తెచ్చుకుంటే అభ్యంతరమా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, ఇవి కూడా ఇప్పుడే. గేటు పదింటికే వేసే ఇల్లయితే, మీకేమో అర్ధరాత్రి దాకా తిరగాలని ఉంటే, ఇద్దరికీ పొసగదు. వాళ్ళని మార్చడానికి చూడకుండా ఇంకో ఇల్లు వెతుక్కోండి.

అడ్వాన్సు ఎంత, రాకపోతే ఎంత వెనక్కిస్తారు అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. ఇంటివాళ్ళతో మాట్లాడకుండా మొత్తం డబ్బు ముందే పంపొద్దు. గుర్తింపు కార్డు అడుగుతారు, అడగాలి కూడా. ఆధార్ పంపాల్సి వస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, అది పంపండి. మీతో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు వస్తుంటే ఆ మాట ముందే చెప్పండి, ఇంటివాళ్ళు 24 గంటల్లోగా వాళ్ళ వివరాలు అధికారులకి తెలియజేయాలి, ఆఖరి నిమిషంలో చెబితే వాళ్ళకి హడావిడి.

3. రోజులు చూసుకుని వెళ్ళండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. మే నెలలో కూడా వెళ్ళొచ్చు, ఎందుకో కింద చెబుతాను. గట్టి వానల్లో మాత్రం పాత మిద్దె ఎక్కడో అక్కడ కారుతుంది, అది ఒప్పుకునేవాళ్ళే వెళ్ళాలి.

పాతబస్తీలో దిగేవాళ్ళు క్యాలెండర్ చూడాలి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం మూసి ఉంటాయి, అదే రోజు మక్కా మసీదు దగ్గర మధ్యాహ్నం నమాజు రద్దీ. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ రాత్రంతా బజారు, నిద్ర పట్టేది కష్టం, కానీ ఆ వెలుగులు చూడటానికే వెళ్ళేవాళ్ళున్నారు. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం అనే పవిత్ర పతాకం డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు ఊరేగింపుగా వస్తుంది, ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు, ఆపైన గణేశ్ నిమజ్జనం. ఈ రోజుల్లో దారులు మూసేస్తారు, సామానుతో మధ్యాహ్నం దిగారంటే నడక తప్పదు. ఆ రోజుల్లోనే ఉండాలనుకుంటే ముందు రోజు చేరిపోండి.

4. సంచిలో ఏం పెట్టుకోవాలి

చక్రాల సూట్‌కేసు వద్దు. బండరాళ్ళ గల్లీలో లాగలేరు, గడప దగ్గర ఎత్తాలి, మెట్ల మీద మోయాలి. భుజానికి వేసుకునే సంచి తీసుకెళ్ళండి. చిన్న టార్చి, దోమల మందు, సులభంగా విడిచే చెప్పులు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. ముదురు రంగు బట్టలతో సున్నం గోడకి ఆనుకుంటే వీపంతా తెల్లగా అవుతుంది, లేత రంగులే వేసుకోండి. ఇంటివాళ్ళకి ఏదైనా పట్టుకెళ్ళాలనిపిస్తే పండ్లు, లేదా మీ ఊరి పిండివంట. సకినాలు తీసుకెళ్తే ఆ సాయంత్రం చాయ్ మీతో కలిసే తాగుతారు.

5. చేరుకోవడం

ఇది రాసేనాటికి మెట్రో చార్మినార్ దాకా లేదు, ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాలి. మ్యాప్ గల్లీ మొదట్లోనే చేతులెత్తేస్తుంది. ఇంటివాళ్ళని దగ్గర్లో ఉన్న గుర్తు అడగండి, మసీదో, కమానో, పాల దుకాణమో, ఆటో అన్నకి అదే చెప్పండి. మొదటిసారి పగలే చేరండి, చీకట్లో అన్ని దర్వాజాలూ ఒకేలా ఉంటాయి.

6. లోపలికి అడుగుపెట్టాక

చెప్పులు ఎక్కడ విడవాలో చూసి విడవండి. గడపలు ఎత్తుగా, లోపలి ద్వారబంధాలు పొట్టిగా ఉంటాయి, తల వంచి కాలెత్తి నడవాలి, మొదటి రోజు పొడుగువాళ్ళు కనీసం ఒకసారి నుదురు కొట్టుకుంటారు. మొదటి పావుగంట సామాను విప్పకండి. కూర్చోమంటారు, మంచినీళ్ళో చాయో ఇస్తారు, ఇల్లు తిప్పి చూపిస్తామంటారు. ఫోన్ జేబులో పెట్టి ఆ పావుగంటా వాళ్ళతో తిరగండి, ఏ తలుపు మనది, ఏది వాళ్ళది, పూజగది ఎటు, ఏ మెట్టు వదులుగా ఉంది అన్నీ అప్పుడే తెలిసిపోతాయి. ఫొటోలు తీయాలంటే అడగండి, గోడ మీది తాతల ఫొటోలకీ ఇంట్లో ఆడవాళ్ళకీ మళ్ళీ విడిగా అడగండి.

ఇక గోడల సంగతి. ఈ ఇళ్ళు సిమెంటుకి ముందువి. సున్నం, ఇసుక గానుగలో వేసి ఎద్దులతో రుబ్బించి, అందులో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి కట్టినవి. సున్నపు గోడ తేమని పీల్చుకుంటుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది, ఆ రాకపోకలు ఆగకుండా ఉన్నన్నాళ్ళూ గోడ బాగుంటుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని పెచ్చులూడుతుంది, మూలన ఉబ్బిన మచ్చలు కనిపిస్తే చాలాసార్లు కారణం అదే. కాబట్టి తడి తువ్వాళ్ళు గోడకి ఆనించి ఆరేయకండి, మేకు కొట్టకండి, స్టిక్కర్లూ టేపులూ అంటించకండి, టేపు పీకితే దాంతోపాటు సున్నపు పొర వచ్చేస్తుంది, కొన్నిచోట్ల ఆ పొర కింద పాత రంగుల పూలతీగలు ఉంటాయి. పుట్టినరోజు బెలూన్లు అంటించి ఒక దాలాన్ స్తంభం పాడుచేసినవాళ్ళని చూశాను, ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఆ మందపాటి గోడలే మే నెలలో మిమ్మల్ని కాపాడేవి. పగటి ఎండ గోడ దాటి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదింటికల్లా కిటికీ రెక్కలు మూసేయండి, పైన ఉండే చిన్న కిటికీ, రోషన్‌దాన్, మాత్రం తెరిచి ఉంచండి, వేడి గాలి పైకెక్కి అందులోంచి పోతుంది. సూర్యుడు దిగాక అన్నీ తెరవండి. ఏసీ అలవాటున్నవాళ్ళు పగలు కిటికీలు బార్లా తెరిచి, ఉక్క అని గోల పెడతారు, ఇంటివాళ్ళు మొహమాటానికి ఏమీ అనలేరు.

టేకు తలుపు వానాకాలంలో తేమకి ఉబ్బి బిగుసుకుంటుంది, కాలితో తన్నకండి, పిలవండి, వాళ్ళకి దాని కిటుకు తెలుసు. ఇస్త్రీపెట్టె, గీజర్, కెటిల్ ఒకేసారి పెట్టకండి, పాత ఇంటి వైరింగు అంత లోడు మోయలేకపోవచ్చు. మిద్దె ఎక్కేముందు అడగండి, టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన మద్రాసు మిద్దెల మీద పదిమంది ఎగిరితే కింద గదిలో సున్నం రాలుతుంది. పిల్లలకి ఇది మొదటి రోజే చెప్పేయండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పోయిన ఇల్లు మళ్ళీ రాదు. నిజాముల దగ్గర దివాన్లుగా, అంటే ప్రధానులుగా, చేసిన సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీ ఉండేది, మనం ఈరోజు చూసే సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదట అందులోనే తెరిచారు, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అంతటి దేవిడీలో ఇప్పుడు చెప్పుకోదగ్గవి దర్వాజాలే, లోపలంతా దుకాణాలు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో ఎన్నో ఇళ్ళు పోయాయి, ఆ తర్వాత రోడ్ల వెడల్పుకి కొన్ని, అన్నదమ్ముల పంపకాల్లో మరికొన్ని. మీరు కట్టే గది అద్దె చాలా ఇళ్ళలో నేరుగా పైకప్పు రిపేరుకే పోతుంది, అందుకే నేను ఇలాంటి చోట్ల రేటు గీసి గీసి బేరమాడను.

7. టిఫిన్

ముందు రాత్రే చెప్పాలి, ఎంతమంది, ఎన్నింటికి, ఏం తినరు అని. తొమ్మిదింటికి అని చెప్పి పదకొండుకి లేస్తే ఒక మనిషి పొయ్యి దగ్గర రెండు గంటలు కాచుకు కూర్చుంటుంది. మెనూ అడగకండి, "మీ ఇంట్లో ఏం చేసుకుంటారో అదే పెట్టండి" అనండి. ఈ ఒక్క మాటతో నాకు జన్మలో మరవలేని టిఫిన్లు దొరికాయి. ముస్లిం ఇళ్ళలో అయితే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా: మసూర్ పప్పుతో పొడిపొడిగా వండిన పసుపు ఖిచ్డీ, పక్కన ఖీమా, మీద నువ్వులూ చింతపండూ కలిపిన పుల్లటి ఖట్టా. మూడూ కలిపి తినాలి, విడివిడిగా తింటే సగం రుచే. చలికాలంలో అదృష్టం బాగుంటే రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికిన నహారీ అనే మాంసం షోర్వా, దాన్లో ముంచుకోవడానికి నాలుగు మూలల చార్ కోనీ నాన్. మన తెలుగు ఇళ్ళలో సర్వపిండి, పెసరట్టు, ఉప్మా, జొన్నరొట్టె మీద వెన్న. ఇంట్లో వండింది నచ్చకపోతే కొంచెం తిని లేవండి, వాళ్ళ ఎదురుగా బయటినుంచి ఇడ్లీలు ఆర్డర్ పెట్టొద్దు. శాకాహార వంటిల్లున్న ఇంటికి గుడ్డు కూడా తేవద్దు, ముస్లిం ఇంట్లో మందు ఊసెత్తొద్దు.

టిఫిన్‌కి ముందు, ఆరింటికే, ఒకసారి బయటికి నడవండి. దుకాణాలు తెరవని లాడ్ బజార్, పావురాలు తప్ప ఎవరూ లేని చార్మినార్, గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు కమాన్లు, ఇరానీ చాయ్ ఒక కప్పు, తిరిగి ఇంటికి. 1591లో కట్టిన చార్మినార్‌ని పగటి జనంలో ఎప్పుడూ తల ఎత్తి సరిగ్గా చూడలేదని నాకు అప్పుడే తెలిసింది. హోటల్‌లో దిగి టాక్సీలో వచ్చేవాళ్ళకి ఆ గంట దొరకదు.

8. ఏదైనా బాగాలేకపోతే

అప్పుడే, నెమ్మదిగా, వాళ్ళకే చెప్పండి. "అమ్మా, నీళ్ళు వేడిగా రావడం లేదు, ఒకసారి చూస్తారా" అంటే బకెట్టు కాచి తెచ్చిస్తారు. ఊరుకుని, ఇంటికెళ్ళాక ఒక్క స్టార్ ఇచ్చి కోపం తీర్చుకోవడం అన్యాయం. అలాగని అన్నీ సర్దుకుపొమ్మని కూడా నేను చెప్పను. గది తలుపుకి గొళ్ళెం పడకపోయినా, వైరు బయటికి వేలాడుతున్నా, పక్కబట్టలు మురికిగా ఉన్నా గట్టిగా అడగండి, సరిచేయకపోతే ఆ రాత్రే మారిపోండి, ముఖ్యంగా ఒంటరిగా వెళ్ళిన ఆడవాళ్ళు.

9. బయల్దేరే రోజు

ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఇవ్వదలుచుకున్నది వాళ్ళ చేతికే ఇవ్వండి, ఇచ్చానని యజమానులకి చెప్పండి. రివ్యూ రాసేటప్పుడు మెట్లు ఎన్ని, బాత్రూం ఎంత దూరం అన్నవి తప్పక రాయండి, మీ తర్వాత వచ్చే అమ్మానాన్నలకి అదే కావాలి. మీరు తీసిన ఫొటోల్లో మంచివి ఇంటివాళ్ళకి పంపండి. తలుపు వెనక కొక్కెం ఒకసారి చూసుకోండి, తువ్వాలు అక్కడే మర్చిపోతాం. తాళంచెవి మాత్రం బల్ల మీద పెట్టి వెళ్ళకండి, పెద్దవాళ్ళ చేతికే ఇవ్వండి, ఆ పాత తాళాలకి నకలు చెవి చేసేవాళ్ళు దొరకడం చాలా కష్టం.